మైక్రోఫ్లూయిడిక్ చిప్‌ల వాణిజ్య ప్రస్థానం: ప్రయోగశాల నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరకు

తల వెంట్రుక మందాన ఉండే సన్నని కాలువల గుండా అతి స్వల్ప పరిమాణంలో ద్రవాలను నడిపించి, ప్రయోగశాలలో జరిగే పరీక్షను నాణెమంత పలకపై పూర్తిచేసే సాంకేతిక పరిజ్ఞానమే మైక్రోఫ్లూయిడిక్స్. ఈ రంగంలో తొలి పరిశోధనలు జరిగి నాలుగు దశాబ్దాలు దాటింది. ఈ కాలంలో వేలాది పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. అయితే, సామాన్య రోగికి ఉపయోగపడే ఉత్పత్తులుగా మారి మార్కెట్‌లో నిలదొక్కుకున్న చిప్‌ల సంఖ్య మాత్రం పరిమితమే. చిప్‌ను రూపొందించడం ఒక ఎత్తు కాగా, నమూనా సేకరణ మొదలు ఫలితం చేతికందే వరకు గల మొత్తం ప్రక్రియను సిద్ధం చేయడం మరొక ఎత్తు కావడమే ఇందుకు ప్రధాన కారణం.

క్షయ వ్యాధి నిర్ధారణ కోసం భారతదేశంలో రూపొందిన ట్రూనాట్ పరీక్ష ఈ దారిని చివరి వరకు నడిచిన ఉదాహరణలలో ఒకటి. బెంగళూరులో పరిశోధనగా ఆరంభమై, గోవాలో ఉత్పత్తికి చేరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు పొంది, తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా ఆరోగ్య కేంద్రాలకు విస్తరించిన ఈ పరీక్ష నేపథ్యాన్ని, ఇతర దేశాల అనుభవాలతో కలిపి ఈ వ్యాసం వివరిస్తుంది.

చిప్ పనిచేసే విధానం

సాధారణ గొట్టాలలో ప్రవహించే ద్రవం సుడులు తిరుగుతూ కలిసిపోతుంది. కాలువ వెడల్పు మైక్రాన్ల స్థాయికి తగ్గినప్పుడు ఈ సుడులు ఉండవు. రెండు ద్రవాలు పక్కపక్కనే పొరలుగా సాగుతాయి. అణువులు ఒక పొర నుంచి మరొక పొరలోకి వ్యాపించడం ద్వారానే కలయిక జరుగుతుంది. అణువు ఈ విధంగా ప్రయాణించవలసిన దూరం పదో వంతుకు తగ్గితే, అందుకు పట్టే కాలం నూరో వంతుకు తగ్గుతుంది. చిన్న చిప్‌లో రసాయన చర్య త్వరగా ముగియడానికి ఇదే ఆధారం.

ఉష్ణోగ్రత విషయంలోనూ ఇదే ప్రయోజనం లభిస్తుంది. క్రిమి జన్యు పదార్థాన్ని రెట్టింపు చేసుకుంటూ పోయే పీసీఆర్ పరీక్షలో ద్రవాన్ని అనేక పర్యాయాలు 95 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, తిరిగి 60 డిగ్రీల సమీపానికి చల్లార్చవలసి ఉంటుంది. కొద్ది మైక్రోలీటర్ల ద్రవం వేగంగా వేడెక్కుతుంది, అంతే వేగంగా చల్లారుతుంది. విద్యుత్ వినియోగం తక్కువ కావడంతో యంత్రాన్ని బ్యాటరీపై నడపడం సాధ్యమవుతుంది.

తొలి దశ: 1979 నుంచి 1999 వరకు

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1979లో సిలికాన్ పలకపై వాయు విశ్లేషణ పరికరాన్ని నిర్మించి ప్రకటించారు. సూక్ష్మ కాలువలతో రసాయన విశ్లేషణ సాధ్యమేనని దీనితో రుజువైంది. అయితే మార్కెట్‌లో తొలి విజయం వైద్య రంగంలో లభించలేదు. సూక్ష్మ రంధ్రాల నుంచి సిరా చుక్కలను చిమ్మే ఇంక్‌జెట్ ప్రింటర్లకు ఆ ఘనత దక్కింది. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 1984లో విడుదల చేసిన థింక్‌జెట్ ప్రింటర్ ఈ కోవకు చెందినదే. ప్రింటర్‌ను ఒకసారి కొన్న వినియోగదారుడు సిరా గుళికను పదేపదే కొనుగోలు చేయవలసి రావడం ఈ వ్యాపార సరళికి మూలం. తదనంతర కాలంలో వైద్య పరీక్షా యంత్రాలు, వాటి చిప్‌లు కూడా ఇదే సరళిని అనుసరించాయి.

స్విట్జర్లాండ్‌లో ఆండ్రియాస్ మాంజ్, ఆయన సహచరులు 1990లో ఒక భావనను ప్రతిపాదించారు. నమూనాను సిద్ధం చేయడం, వేరుచేయడం, గుర్తించడం అనే మూడు పనులనూ ఒకే సూక్ష్మ పరికరంలో ఇమడ్చడం దీని సారాంశం. 1992లో అమెరికాలో ఐ-స్టాట్ అనే చేతి పరికరం మార్కెట్‌లోకి వచ్చింది. రెండు మూడు చుక్కల రక్తంతో లవణాలు, గ్లూకోజ్ వంటి వాటిని రోగి మంచం వద్దనే కొలవడం దీనితో సాధ్యమైంది. ఈ సంస్థను అబాట్ 2004లో సొంతం చేసుకున్నది. క్యాలిపర్ సంస్థ పరిజ్ఞానంతో 1999లో ఎజిలెంట్ విడుదల చేసిన బయో అనలైజర్, జీవశాస్త్ర పరిశోధనశాలల కోసం చిప్ ఆధారంగా వచ్చిన తొలి వాణిజ్య పరికరాలలో ప్రముఖమైనది.

మార్కెట్‌కు చేరడంలో మూడు అవరోధాలు

మొదటి అవరోధం చిప్‌ను తయారుచేసే పదార్థానికి సంబంధించినది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం 1998లో సిలికోన్ రబ్బరుతో ఒకటి రెండు రోజులలోనే కొత్త చిప్ నమూనాను పోతపోసే పద్ధతిని వెలువరించింది. దీనితో ప్రపంచంలోని అనేక విశ్వవిద్యాలయాలు ఈ రంగంలో ప్రవేశించాయి. పరిశోధనకు అనువైన ఈ రబ్బరు పెద్ద ఎత్తున ఉత్పత్తికి అంతగా ఉపయోగపడలేదు. ఇది కొన్ని రసాయన అణువులను తనలోకి పీల్చుకుంటుంది. గట్టిపడటానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. కర్మాగారంలో లక్షల సంఖ్యలో తయారు చేయాలంటే ప్లాస్టిక్‌ను అచ్చులలోకి ఒత్తిడితో నింపే పద్ధతికి మారవలసిందే. అచ్చు తయారీకి ముందుగానే పెద్ద మొత్తం వెచ్చించాలి. అమ్మకం పెద్ద సంఖ్యలో ఉంటేనే ఆ వ్యయం తిరిగి వస్తుంది. పదార్థం మారినపుడు చిప్ ప్రవర్తన కూడా మారుతుంది. దానివల్ల ప్రయోగశాలలో ముగిసిందనుకున్న పరిశోధనను మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చిన సందర్భాలు ఈ రంగంలో సర్వసాధారణం.

రెండవ అవరోధం పరిమాణానిది. ఎలక్ట్రానిక్స్ రంగంలో ట్రాన్సిస్టర్‌ను ఎంత చిన్నదిగా చేస్తే, ఒక సిలికాన్ పలకపై అన్ని ఎక్కువ చిప్‌లు వస్తాయి, ధర అంతగా తగ్గుతుంది. ద్రవ చిప్‌కు ఈ సూత్రం పూర్తిగా వర్తించదు. చుక్కను వేసే చేయి, పిపెట్, గొట్టం, ముద్రవేసే అంచు అన్నీ మనిషి కొలతలలోనే ఉంటాయి. కావున చిప్ పరిమాణాన్ని ఒక హద్దుకు మించి తగ్గించడం సాధ్యపడదు.

మూడవ అవరోధం నమూనాకు సంబంధించినది. చిన్న చిప్‌లో ఇమిడే ద్రవం కూడా చిన్నదే. ఒక మిల్లీలీటరు తెమడలో 100 క్షయ క్రిములు ఉన్నాయని అనుకుంటే, అందులో నుంచి నేరుగా తీసిన 6 మైక్రోలీటర్లలో సగటున ఒక్క క్రిమి కూడా ఉండదు. లెక్క ప్రకారం 0.6 మాత్రమే ఉంటుంది. చిప్ ఎంత సున్నితమైనదైనా, తనలోకి రాని క్రిమిని గుర్తించలేదు. అందువల్ల ఎక్కువ పరిమాణంలో నమూనాను తీసుకొని, అందులోని జన్యు పదార్థాన్ని కొద్ది చుక్కలలోకి కేంద్రీకరించిన పిదప చిప్‌పై వేయవలసి ఉంటుంది. చిప్ కంటే ముందు జరిగే ఈ పనే పరీక్ష నాణ్యతను నిర్ణయిస్తుంది.

థెరనోస్ ఉదంతం

ఈ మూడవ అవరోధాన్ని విస్మరించిన ఫలితం అమెరికాలో థెరనోస్ సంస్థ ఉదంతంలో వెల్లడైంది. 2003లో ఏర్పడిన ఈ సంస్థ, వేలికొన నుంచి తీసిన కొద్దిపాటి రక్తంతో పెద్ద సంఖ్యలో పరీక్షలు చేయగలమని ప్రకటించి భారీగా పెట్టుబడులు సేకరించింది. 2013లో వాల్‌గ్రీన్స్ మందుల దుకాణాలలో రక్త సేకరణ ప్రారంభించింది. సంస్థ పరికరాల పనితీరుపై 2015 అక్టోబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక కథనాలు ప్రచురించింది. 2018లో సంస్థ మూతపడింది. పెట్టుబడిదారులను మోసగించిన అభియోగాలపై వ్యవస్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్‌ను న్యాయస్థానం 2022 జనవరిలో దోషిగా నిర్ధారించి, అదే సంవత్సరం నవంబరులో 11 సంవత్సరాలకు పైగా కారాగార శిక్ష విధించింది. స్వతంత్ర పరిశీలనకు, ప్రచురిత గణాంకాలకు లోబడని పరీక్షను ప్రజలకు అందించరాదన్నది ఈ ఉదంతం మిగిల్చిన పాఠం.

జీన్‌ఎక్స్‌పర్ట్ అనుభవం

క్షయ నిర్ధారణలో సూక్ష్మదర్శిని పరీక్షకు శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉన్నది. ఇది చౌకైనది, కానీ మిల్లీలీటరు తెమడలో 5,000 నుంచి 10,000 వరకు క్రిములు ఉంటేనే స్పష్టంగా కనిపిస్తాయి. అంతకు తక్కువ ఉన్న రోగికి వ్యాధి లేదన్న ఫలితం వచ్చే అవకాశం ఉంటుంది. క్రిమికి మందును తట్టుకునే గుణం ఏర్పడిందా లేదా అన్నది కూడా దీనితో తెలియదు. సరైన చికిత్స అందని రోగి నుంచి కుటుంబ సభ్యులకు, ఇరుగుపొరుగు వారికి వ్యాధి సోకుతుంది.

అమెరికాకు చెందిన సెఫీడ్ సంస్థ ఈ లోటును పూరించే జీన్‌ఎక్స్‌పర్ట్ పరికరాన్ని రూపొందించింది. నమూనా శుద్ధి, జన్యు పదార్థం వెలికితీత, పీసీఆర్ మొత్తం ఒకే ప్లాస్టిక్ కార్ట్రిడ్జిలో సుమారు రెండు గంటలలో పూర్తవుతాయి. రిఫాంపిసిన్ మందుకు నిరోధకత ఉన్నదీ లేనిదీ అదే పరీక్షలో తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో దీనిని సిఫారసు చేసింది. భారత క్షయ నియంత్రణ కార్యక్రమంలో ఈ పరీక్ష సీబీనాట్ పేరుతో వ్యవహారంలో ఉన్నది.

పరీక్ష మంచిదైనప్పటికీ ధర పెద్ద ప్రశ్నగా నిలిచింది. అంతర్జాతీయ దాతృ సంస్థలు, అమెరికా ప్రభుత్వ సంస్థలు కలిసి నిధులు సమకూర్చిన మీదట 2012లో కార్ట్రిడ్జి ధర 16.86 డాలర్ల నుంచి 9.98 డాలర్లకు తగ్గింది. ఆ తరువాత దశాబ్దానికి పైగా ధర మారలేదు. ధరను 5 డాలర్లకు తగ్గించాలని వైద్య సేవా సంస్థలు 2019 నుంచి ఉద్యమం నిర్వహించాయి. సెఫీడ్ మాతృసంస్థ డానహర్ 2023 సెప్టెంబరులో క్షయ కార్ట్రిడ్జి ధరను 7.97 డాలర్లకు తగ్గించినట్లు ప్రకటించింది. ఈ యంత్రానికి నిరంతర విద్యుత్తు, నియంత్రిత గది ఉష్ణోగ్రత అవసరం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ప్రాంతాలలో ఎయిర్ కండిషనర్, యూపీఎస్ సమకూర్చనిదే దీనిని నడపడం కష్టం. ఈ కారణాలవల్ల యంత్రాలు ఎక్కువగా జిల్లా, డివిజన్ స్థాయి ఆసుపత్రులకే పరిమితమయ్యాయి.

ట్రూనాట్: బెంగళూరు నుంచి గోవాకు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో, ఎయిర్ కండిషనర్ లేని గదిలో, బ్యాటరీపై పనిచేసే పీసీఆర్ యంత్రాన్ని తయారు చేయాలన్న లక్ష్యంతో బెంగళూరుకు చెందిన బిగ్‌టెక్ ల్యాబ్స్ పరిశోధన చేపట్టింది. సీఎస్ఐఆర్ ఆధ్వర్యంలోని న్యూ మిలీనియం ఇండియన్ టెక్నాలజీ లీడర్‌షిప్ ఇనీషియేటివ్ పథకం దీనికి తొలి దశలో ఆర్థిక సహాయం అందించింది. పరిశోధనకు చంద్రశేఖర్ నాయర్ నాయకత్వం వహించారు. వ్యాధి నిర్ధారణ కిట్ల తయారీలో అనుభవం గల గోవాకు చెందిన ట్యూలిప్ గ్రూపుతో కలిసి ఏర్పాటైన మోల్బియో డయాగ్నస్టిక్స్ ఉత్పత్తి, విక్రయ బాధ్యతలు స్వీకరించింది. పరిశోధన సంస్థకు తయారీ అనుభవం గల భాగస్వామి లభించడం ఈ ప్రస్థానంలో ముఖ్యమైన మలుపు.

చిప్ కోసం సిలికాన్‌ను గానీ, రబ్బరును గానీ ఎంచుకోకుండా పింగాణీ జాతికి చెందిన పదార్థాన్ని ఎంచుకున్నారు. పలుచని సిరామిక్ పొరలపై లోహపు తీగలను ముద్రించి, పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, కొలిమిలో కాల్చి దీనిని తయారుచేస్తారు. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో అప్పటికే స్థిరపడిన పద్ధతి కావడం దీని ప్రయోజనం. ద్రవాన్ని వేడిచేసే తీగ, ఉష్ణోగ్రతను కొలిచే సాధనం రెండూ చిప్‌లోనే ఇమిడి ఉంటాయి. తయారీ బ్యాచ్, గడువు తేదీ వంటి వివరాలు చిప్‌లోని జ్ఞాపకశక్తి భాగంలో నమోదై ఉంటాయి. గడువు తీరిన చిప్‌ను యంత్రం స్వీకరించదు.

పరీక్ష రెండు పరికరాలతో జరుగుతుంది. పలుచబరచిన తెమడ నుంచి జన్యు పదార్థాన్ని ట్రూప్రెప్ అనే పరికరం సుమారు 20 నిమిషాలలో వెలికితీసి కేంద్రీకరిస్తుంది. అందులో నుంచి 6 మైక్రోలీటర్లను పిపెట్‌తో తీసి, ఎండబెట్టిన రసాయనాలతో కలిపి చిప్‌పై వేసి, ట్రూల్యాబ్ అనే రెండవ పరికరంలో ఉంచుతారు. మొత్తం మీద గంట సమయంలో క్షయ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఉన్నదని తేలితే, అదే ద్రవంతో మరొక చిప్‌పై రిఫాంపిసిన్ నిరోధకతను మరో గంటలో పరీక్షించవచ్చు. రసాయనాలు శీతల పెట్టె అవసరం లేకుండా నిలువ ఉంటాయి. ఒకేసారి ఒకటి, రెండు, నాలుగు నమూనాలను పరీక్షించగల ట్రూల్యాబ్ నమూనాలు లభిస్తాయి.

నమూనా శుద్ధిని చిప్ నుంచి వేరుచేయడం వల్ల చిప్ నిర్మాణం సులభమైంది. అదే సమయంలో పిపెట్‌తో చేసే చేతిపని ఒకటి మిగిలింది. 6 మైక్రోలీటర్లను ఖచ్చితంగా కొలిచి వేయడానికి శిక్షణ పొందిన ల్యాబ్ టెక్నీషియన్ అవసరం. ఒక్క కార్ట్రిడ్జిలో అన్నీ ముగిసే జీన్‌ఎక్స్‌పర్ట్‌కు, ఎక్కడికైనా తీసుకువెళ్లగల ట్రూనాట్‌కు మధ్య గల తేడా ప్రధానంగా ఇదే.

నాణ్యత నిర్ధారణ

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశీయంగా జరిగిన మూల్యాంకనం తరువాత ఈ పరీక్ష క్షయ కార్యక్రమంలో ప్రవేశించింది. అంతర్జాతీయ స్థాయిలో ఫైండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ భారత్, ఇథియోపియా, పెరూ, పాపువా న్యూగినీ దేశాలలో అధ్యయనం నిర్వహించింది. క్షయ లక్షణాలు గల 1,807 మంది వయోజనులు ఇందులో పాల్గొన్నారు. సూక్ష్మదర్శిని కేంద్రాలలో, అంటే నిజంగా వాడవలసిన చోటనే పరీక్షను జరిపి చూడటం ఈ అధ్యయనం ప్రత్యేకత. ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి.

ఆ కేంద్రాలలో ట్రూనాట్ ఎంటీబీ పరీక్ష వ్యాధి ఉన్న ప్రతి 100 మందిలో 73 మందిని, ఎంటీబీ ప్లస్ పరీక్ష 80 మందిని గుర్తించాయి. వ్యాధి లేని వారిని లేదని సరిగా చెప్పిన పాళ్లు వరుసగా 98, 96 శాతం. రిఫాంపిసిన్ నిరోధకతను గుర్తించడంలో 84 శాతం, నిరోధకత లేదని నిర్ధారించడంలో 97 శాతం ఖచ్చితత్వం నమోదైంది. పరీక్షలో లేదని వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని నిశ్చయించరాదని, లక్షణాలు కొనసాగే వారిని వైద్యులు తిరిగి పరిశీలించవలసి ఉంటుందని ఈ అంకెలే తెలియజేస్తున్నాయి.

ఈ ఆధారాలను పరిశీలించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరిలో తొలి ప్రకటన, అదే సంవత్సరం మధ్యలో మార్గదర్శకాలు విడుదల చేసి, సూక్ష్మదర్శినికి బదులుగా ట్రూనాట్‌ను తొలి పరీక్షగా వినియోగించవచ్చని సిఫారసు చేసింది. తదనంతరం స్టాప్ టీబీ పార్ట్‌నర్‌షిప్ ద్వారా నైజీరియా వంటి దేశాలకు ఈ యంత్రాలు చేరాయి.

కొవిడ్ కాలంలో వినియోగం

2020లో కొవిడ్ వ్యాపించినపుడు దేశంలో పీసీఆర్ ప్రయోగశాలల కొరత ఏర్పడింది. క్షయ కోసం అప్పటికే క్షేత్రస్థాయిలో ఉన్న ట్రూనాట్ యంత్రాలకు కొత్త చిప్‌ను రూపొందించడం ద్వారా వాటిని కొవిడ్ పరీక్షకు వినియోగించడం సాధ్యమైంది. భారత వైద్య పరిశోధన మండలి 2020 ఏప్రిల్‌లో దీనిని ప్రాథమిక వడపోత పరీక్షగా, మే నెలలో రెండు దశలలో వ్యాధి నిర్ధారణకు కూడా అనుమతించింది. వైరస్‌ను నిర్వీర్యం చేసే ద్రావణంలో నమూనాను సేకరించడం వల్ల చిన్న ఆసుపత్రులలోనూ సిబ్బంది సురక్షితంగా పరీక్షలు జరపగలిగారు. ట్రూనాట్ యంత్రాలను కొవిడ్ పరీక్షలకు విస్తృతంగా వినియోగించిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఒక వ్యాధి కోసం నెలకొల్పిన యంత్రం మరొక వ్యాధికి ఉపయోగపడటం వల్ల పెట్టుబడికి విలువ పెరిగింది. అయితే, యంత్రాలు, సిబ్బంది కొవిడ్ వైపు మళ్లినపుడు క్షయ పరీక్షలకు అంతరాయం కలిగే ప్రమాదమూ ఉన్నదని ఆ కాలపు అనుభవం తెలియజేసింది. 2020లో దేశంలో నమోదైన క్షయ రోగుల సంఖ్య అంతకుముందు సంవత్సరంతో పోలిస్తే గణనీయంగా తగ్గింది. వ్యాధి తగ్గడం వల్ల కాక, రోగులు ఆసుపత్రులకు రాలేకపోవడం, పరీక్షలు జరగకపోవడం వల్ల ఈ తగ్గుదల ఏర్పడింది.

తెలుగు రాష్ట్రాలలో తయారీ, పరిశోధన

విశాఖపట్నంలో 2018 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల తయారీకి ప్రత్యేకించిన పారిశ్రామిక ప్రాంతం. పరికరాల పరీక్షా కేంద్రాలు, అచ్చుల తయారీ వంటి ఉమ్మడి సదుపాయాలను ఒకే ఆవరణలో కల్పించడం దీని ఉద్దేశం. చిన్న సంస్థలు ఒంటరిగా భరించలేని వ్యయం ఇటువంటి సదుపాయాల వల్ల తగ్గుతుంది. మోల్బియో సంస్థకు గోవాతో పాటు ఇక్కడ కూడా ఉత్పత్తి కేంద్రం ఉన్నది. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ వద్ద వైద్య పరికరాల పార్కు ఏర్పాటైంది. హైదరాబాద్‌లోని బిట్స్ పిలానీ ప్రాంగణంలో మైక్రోఫ్లూయిడిక్స్‌పై ప్రత్యేక ప్రయోగశాల పనిచేస్తున్నది.

చిప్ అంటే సిలికాన్ లేదా ప్లాస్టిక్ మాత్రమే కానవసరం లేదు. బెంగళూరులోని అచిరా ల్యాబ్స్ సంస్థ రసాయనాలు పట్టించిన పట్టు నూలును మగ్గంపై నేసి పరీక్షా పట్టీలు తయారుచేసే ప్రయోగం చేసింది. నూలు దారమే ఇక్కడ కాలువగా పనిచేస్తుంది.

అనుమతులు, ఆర్థిక సహాయం

దేశంలో వ్యాధి నిర్ధారణ పరికరాలు 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన వైద్య పరికరాల నియమావళి, 2017 పరిధిలోకి వస్తాయి. ప్రమాద స్థాయిని బట్టి వీటిని ఏ, బీ, సీ, డీ అనే నాలుగు తరగతులుగా విభజించారు. తక్కువ ప్రమాదం గల ఏ, బీ తరగతుల తయారీ లైసెన్సులను రాష్ట్ర స్థాయి అధికారులు, ఎక్కువ ప్రమాదం గల సీ, డీ తరగతుల లైసెన్సులను కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ మంజూరు చేస్తాయి.

కేంద్ర బయోటెక్నాలజీ శాఖ పరిధిలో 2012లో ఏర్పడిన బైరాక్ సంస్థ, బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్ ద్వారా తొలి దశ ఆలోచనలకు 18 నెలల కాలానికి 50 లక్షల రూపాయల వరకు సహాయం అందిస్తున్నది. నమూనా తయారీకి ఈ మొత్తం ఉపకరిస్తుంది. అచ్చులు, క్షేత్ర పరీక్షలు, ఉత్పత్తి కేంద్రం వంటి తదుపరి దశలకు ఇంతకు ఎన్నో రెట్లు అవసరమవుతుంది. ఎక్కువ సంస్థలు ఆగిపోయేది ఈ మధ్య దశలోనే.

కొనుగోలు సమయంలో పరిశీలించవలసిన అంశాలు

క్షయ వంటి వ్యాధుల పరీక్షలకు ప్రభుత్వమే ప్రధాన కొనుగోలుదారు. కావున చిప్ మార్కెట్‌లో నిలవడమా, మూలనపడటమా అన్నది టెండరు నిబంధనలపై కూడా ఆధారపడి ఉంటుంది. పై అనుభవాల నుంచి కింది అంశాలు ముఖ్యమైనవిగా తేలుతున్నాయి.

1. యంత్రం ధర కంటే చెల్లుబాటయ్యే ఒక్కొక్క ఫలితానికి అయ్యే మొత్తం వ్యయాన్ని లెక్కించాలి. ఉదాహరణకు 100 చిప్‌లలో 8 చెల్లని ఫలితం ఇచ్చినట్లయితే, వ్యయాన్ని 92 ఫలితాలపై పంచవలసి ఉంటుంది.

2. యంత్రం, చిప్ ఒకే సంస్థవి కావడం వల్ల ఒకసారి యంత్రం కొన్న తరువాత చిప్‌ల ధరపై బేరమాడే శక్తి తగ్గుతుంది. యంత్రం పనిచేసే కాలానికి చిప్ ధరను, సరఫరా గడువును ముందుగానే ఒప్పందంలో చేర్చడం శ్రేయస్కరం.

3. మరమ్మతు కోసం యంత్రం ఎన్ని రోజులు నిలిచిపోవచ్చునో, ప్రత్యామ్నాయ యంత్రం ఎప్పటిలోగా ఇవ్వాలో నిర్దేశించాలి.

4. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉన్న కేంద్రానికి యంత్రం పంపినందువల్ల ప్రయోజనం ఉండదు. శిక్షణ, బదిలీల అనంతరం పునఃశిక్షణ ప్రణాళికలో భాగం కావాలి.

5. స్వతంత్ర సంస్థలు, వాస్తవ పరిస్థితులలో జరిపిన మూల్యాంకన ఫలితాలనే ప్రాతిపదికగా తీసుకోవాలి.

6. వాడిన చిప్‌ల పారవేతకు జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమావళి, 2016ను, తయారీదారు సూచనలను పాటించాలి.

ముఖ్య ఘట్టాలు

1979: స్టాన్‌ఫర్డ్‌లో సిలికాన్ పలకపై వాయు విశ్లేషణ పరికరం.
1984: థింక్‌జెట్ ప్రింటర్ విడుదల.
1990: సమగ్ర సూక్ష్మ విశ్లేషణ వ్యవస్థ భావన.
1992: ఐ-స్టాట్ మార్కెట్‌లోకి ప్రవేశం.
1998: సిలికోన్ రబ్బరు చిప్‌ల తయారీ పద్ధతి.
1999: బయో అనలైజర్ విడుదల.
2010: జీన్‌ఎక్స్‌పర్ట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు.
2018: థెరనోస్ మూసివేత, విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్ ప్రారంభం.
2020: ట్రూనాట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు, కొవిడ్ పరీక్షలకు వినియోగం.
2023: జీన్‌ఎక్స్‌పర్ట్ క్షయ కార్ట్రిడ్జి ధర 7.97 డాలర్లకు తగ్గింపు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా 1.08 కోట్ల మందికి క్షయ సోకగా, వారిలో 26 శాతం భారతదేశానికి చెందినవారు. తెమడ ఇచ్చిన రోజునే ఫలితం తెలిసి, అదే రోజున మందులు మొదలైతే రోగి మరోసారి ప్రయాణ ఖర్చులు, కూలి నష్టం భరించవలసిన అవసరం ఉండదు. మధ్యలో చికిత్సకు దూరమయ్యే అవకాశమూ తగ్గుతుంది. ఆరోగ్య కేంద్రంలో యంత్రం ఉండటమే కాక, ఆ రోజున చిప్, విద్యుత్తు, టెక్నీషియన్ మూడూ అందుబాటులో ఉన్నప్పుడే ఈ ప్రయోజనం నెరవేరుతుంది.